మా అల్లుడి గడ్డమూ, అతని ఊపిరీ

మా అల్లుడు లౌదలీనో కంటే ముందు అతని వాసన ఇంట్లోకి వచ్చేది. మూడంతస్తుల చెక్క ఇంట్లో మాది పైవాటా. మెట్ల మీద అతని బూట్ల చప్పుడు వినపడక ముందే నిమ్మకాయ వాసన తలుపు కింది సందులోంచి దూరి, వంటింటి దాకా వచ్చి కూర్చునేది. సీసా మీద నిమ్మకాయ బొమ్మ ఉంది కాబట్టి నిమ్మకాయ అంటున్నాను. సముద్రం అవతల మా పోర్చుగీసు దీవిలో, మా నాన్న పెరట్లో నిమ్మచెట్టు కింద పెరిగినదాన్ని నేను. నిమ్మకాయను జన్మలో చూడనివాడెవడో ఫ్యాక్టరీలో కూర్చుని ఊహించుకున్న వాసన అది.

అతని పని కార్పెట్లు కడగడం. మేం వలస వచ్చిన ఈ ఫాల్ రివర్ ఊళ్ళో మా పోర్చుగీసు వాళ్ళ ఇళ్ళు, పెళ్ళిళ్ళు చేసే హాళ్ళు, పళ్ళ డాక్టర్ల గదులు, కొండ కింద మోటెలు, అన్నిటికీ అతనే. కుర్రతనంలో దీవి నుంచి వచ్చి బట్టల మిల్లులో రంగులద్దే చోట చేరాడు. మిల్లు మూసేసినప్పుడు తోటివాళ్ళంతా బారులో కూర్చుని యజమానిని తిడుతుంటే, ఇతను ఒక పాత వ్యానూ, దాంట్లో బిగించడానికి ఒక యంత్రమూ కొనుక్కొచ్చి ఇంటి ముందు ఆపాడు. అల్లుణ్ణి పొగిడే రకం అత్తను కాను నేను. నా కూతురు లుసీలియాకి ఇంతకంటే పొడుగువాణ్ణి తెచ్చి ఉండేదాన్ని. కానీ పని విషయంలో అతన్ని వేలెత్తి చూపే సందు నాకు దొరకలేదు. వెతక్కపోలేదు.

ఆ పని ఎలా చేసేవాడో చెప్పాలి, కథంతా దాంట్లోనే ఉంది. ముందు కార్పెట్‌లోని దుమ్ము లాగాలి. తర్వాత జిడ్డు కరిగించే మందు చల్లాలి. కాసేపు నాననిచ్చి, వేడినీళ్ళు కొట్టి, ఆ మురికినీళ్ళను గొట్టంతో వ్యానులోకి లాగేయాలి. మందు చల్లడానికి అందరూ పెద్ద చుక్కలు పడే నాజిల్ వాడతారు. మా లౌదలీనో దాన్ని పీకేసి, అన్నిటికన్నా సన్నగా చల్లే నాజిల్ బిగించుకున్నాడు. తెల్లవారుజామున సముద్రం మీద మంచు దిగినట్టు మందు కార్పెట్ మీదికి దిగాలట. అప్పుడే పోగు పోగుకీ పడుతుందట. పైగా కిటికీలన్నీ మూసేవాడు. చలికాలమైతే ఇంట్లో వెచ్చదనం పోతుందని ఇంటివాళ్ళ గోల, వేసవైతే గాలికి మంచు చెదిరిపోతుందని ఇతని బాధ. అలా గది బిగించుకుని, పూజలో ధూపం వేసే ఫాదర్‌లాగా ఆ మంచు మధ్య అటూ ఇటూ నడిచేవాడు. చివర్లో వాసన కోసం ఒకసారి, మరక పట్టకుండా మరోసారి మళ్ళీ చల్లేవాడు. అందులో సగం కార్పెట్ మీద పడేది. మిగతా సగం ఎక్కడికి పోతోందని ఎవరూ అడగలేదు.

మొదట అడిగింది అతని బాకా.

మా చర్చి బ్యాండులో లౌదలీనో పెద్ద ఇత్తడి బాకా ఊదుతాడు. పసిపిల్లను ఒళ్ళో పెట్టుకున్నట్టు పట్టుకుని ఊదే బాకా. మా వాళ్ళకి బ్యాండంటే కాలక్షేపం కాదు. తాత ఊదినదాన్ని తండ్రి, తండ్రి ఊదినదాన్ని కొడుకు ఊదుతారు. జూన్ నెలాఖరున ప్రభువు పండగనాడు విగ్రహం వెనకాల బ్యాండు నడుస్తుంది. కొండవీధి ఎక్కేటప్పుడు వాయించే పాటలో ఒక చోట డ్రమ్ములూ క్లారినెట్లూ అన్నీ ఆగిపోయి, ఈ పెద్ద బాకా ఒక్కటే ఒక పొడుగాటి స్వరాన్ని పట్టుకుని వీధి పైదాకా మోసుకెళ్ళాలి. ఆ స్వరం లౌదలీనోది. మామూలు రోజుల్లో అతను గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు. ఏడాదికి ఒక్కసారి, ఆ ఎత్తు మీద, ఊరంతా నోరు మూసుకుని అతను చెప్పేది వింటుంది.

ఆకులు రాలే రోజుల్లో, బ్యాండు హాల్లో సాధన జరుగుతుండగా ఆ స్వరం మధ్యలో తెగిపోయింది. నేను హాలు వెనక వంటగదిలో ఆకుకూర సూపు కలుపుతున్నాను. గరిటె ఆపి విన్నాను.

"ఏంటి లౌదలీనో, పెదవి నొప్పిగా ఉందా?" అన్నాడు బ్యాండు మాస్టరు సెరఫీమ్.

"లేదు మాస్టారూ, గొంతులో ఏదో అడ్డం పడింది. ఆ స్వరం మళ్ళీ పట్టుకుంటాను."

మళ్ళీ పట్టాడు. మళ్ళీ అక్కడే తెగింది. పక్కన అలాంటి బాకానే ఊదే దినీస్ అనే కుర్రాడు, "బాకాలో పిల్లి దూరిందేమో చూసుకో అన్నా" అన్నాడు. అందరూ నవ్వారు. లౌదలీనో కూడా నవ్వాడు, కానీ బాకాని ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టేశాడు. సాధన మధ్యలో అతను అలా పెట్టడం నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత దగ్గు పట్టుకుంది. దగ్గుకి కారణం వెతకడంలో మనిషికి తన పని తప్ప లోకంలో ఉన్నవన్నీ కనిపించాయి. నదిమీది తేమ అన్నాడు. కింది వాటా వాళ్ళ పిల్లి అన్నాడు. చివరికి నా దగ్గరికి వచ్చాడు.

"అత్తయ్యా, మీరు ఆ చేపలు వేయించడం కాస్త తగ్గిస్తే బావుణ్ణు. పొగ గొంతు పట్టేస్తోంది."

"నీ పెళ్ళికి ముందు నుంచీ వేయిస్తున్నాను. నా కూతురు ఆ పొగలోనే పెరిగింది. దానికి రాని దగ్గు నీకెందుకొచ్చింది?"

"ఒక్కొక్కరి గొంతు ఒక్కో రకమండీ."

"మొన్న ఆదివారం కూడా వేయించాను. రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నావు. ఆదివారం దగ్గలేదే?"

"ఆదివారం దేవుడి రోజు కదా."

"అయితే సోమవారం ఎవరిది నాయనా?"

లుసీలియా కంచాలు టేబుల్ మీద గట్టిగా పెట్టి, "ఇద్దరూ తినండి, తర్వాత కొట్టుకుందురుగాని" అంది.

కానీ ఆ సోమవారం మాట నా నోట్లోంచి వచ్చాక నా బుర్రలోంచి పోలేదు. వారమంతా గమనించాను. పనికి వెళ్ళిన రోజు సాయంత్రం ఈల వేసే రొమ్ముతో మెట్లెక్కేవాడు. సెలవు రోజు గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెప్పేవాడు. క్రిస్మస్‌కి పనులు లేక ఇంట్లోనే ఉన్నాడు. దగ్గు లేదు, గురక కూడా లేదు. పండగయ్యాక మొదటి పని ఆ కొండ కింది మోటెల్లో. కార్పెట్ పరిచిన గదులు, తెరుచుకోని కిటికీలు. ఆ రోజు మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడు. లుసీలియా కిందికి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావాల్సి వచ్చింది.

మర్నాడే డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాం. నేనూ వెళ్ళాను. వాళ్ళిద్దరూ తిరిగొచ్చి నాకు సగం నిజం చెప్తారని తెలుసు. డాక్టరు హ్యాలరన్ అని ఒకావిడ, మా లుసీలియా వయసే ఉంటుంది. ఊపిరి బలం కొలిచే ముల్లు ఉన్న చిన్న గొట్టం ఒకటి ఇచ్చి గట్టిగా ఊదమంది. కొండవీధి ఎత్తునా స్వరం మోసే మనిషి ఊదితే ముల్లు సగానికి కూడా పోలేదు. అతని ముఖం చూడలేక నేను గోడమీది బొమ్మ చూశాను.

"ఏం పని చేస్తారు మీరు?" అంది.

"కార్పెట్లు కడుగుతానండి."

"మందు ఎలా చల్లుతారు?"

అడిగేవాళ్ళు దొరికారని అతనికి సంబరం. సన్న నాజిల్ గురించి, మంచు దిగడం గురించి, మూసిన కిటికీల గురించి అన్నీ చెప్పాడు. ఆవిడ అడ్డు రాకుండా విని, అప్పుడు అంది.

"పెద్ద చుక్క బరువుకి కింద పడిపోతుంది. సన్న తుంపర గాల్లోనే తేలుతుంది. మీరు పీల్చిన ప్రతి ఊపిరితో లోపలి దాకా వెళ్తుంది. కార్పెట్‌లో ఏళ్ళ నాటి జిడ్డు కరిగించే మందు మీ లోపల ఏం చేస్తుందనుకుంటున్నారు?"

"సీసా మీద నిమ్మకాయ బొమ్మ ఉందండి."

"మీరు బొమ్మని పీల్చట్లేదు కదా."

ఆ మాటతో ఆ పిల్ల నాకు నచ్చింది.

"ఇది పని వల్ల వచ్చిన ఆస్తమా. పని రోజుల్లో పెరిగి సెలవు రోజుల్లో తగ్గడమే గుర్తు. ఇప్పుడు మానితే చాలావరకు తగ్గుతుంది. ఇలాగే పీలుస్తూ పోతే సెలవు రోజుల్లో కూడా తగ్గని స్థితి వస్తుంది. అప్పుడు నేను చేయగలిగేది కొంచెమే."

"బాకా ఊదొచ్చా అండి?"

"ముందు మెట్లు ఎక్కండి."

పీల్చే మందు ఒకటి రాసింది. మంచులా చల్లడం మానాలంది. కిటికీలు తెరవాలంది. ఘాటు తక్కువ మందు వాడాలంది. వాసన కోసం చల్లేది అసలు వద్దంది. ఇవన్నీ చేశాక, వాటి పైన, మంచి మాస్కు ఒకటి పెట్టుకోవాలంది. మా అల్లుడి చెవికి ఆ ఆఖరిది ఒక్కటే ఎక్కింది. డబ్బిచ్చి కొనుక్కోగలిగే సలహాయే మగవాళ్ళకి వినపడుతుంది.

కొన్నాడు. నల్ల రబ్బరుది, రెండు బుగ్గల దగ్గరా గాలి వడకట్టే రెండు డబ్బాలున్నది. అది పెట్టుకుంటే పెద్ద ఈగలాగా ఉండేవాడు. ఆ వారంలోనే ఎవరికీ చెప్పకుండా చర్చికి వెళ్ళి, ప్రభువు విగ్రహం ముందు మోకరించి, రొమ్ము తేటపడేదాకా ముఖానికి కత్తి తగలనివ్వనని మొక్కుకున్నాడు. మాకు మొక్కంటే ఆషామాషీ కాదు. మా అమ్మ నా తమ్ముడి జ్వరం కోసం మోకాళ్ళ మీద చర్చి చుట్టూ తిరిగింది, రాళ్ళ మీద. కాబట్టి గడ్డం చూసి నేను నవ్వలేదు. నవ్వాల్సింది వేరే ఉంది. ఒక పక్క రబ్బరు, ఒక పక్క ప్రభువు, ఇంక నాకేం అనుకుని, అదే సన్న నాజిల్ పట్టుకుని మళ్ళీ గది తలుపేసుకున్నాడు.

గడ్డం బాగానే పెరిగింది. సగం నెరిసి, మెడ దాకా దట్టంగా. ఊపిరి మాత్రం ఈస్టర్ ముందటి ఉపవాసాల కాలమంతా తగ్గుతూ వచ్చింది. మాస్కు తీయడు, డాక్టరు రాసిన మందు పీల్చడం మానడు, అయినా నా కళ్ళముందే రొమ్ము బిగుసుకుపోతోంది. మాస్టరు సెరఫీమ్ మంచివాడు, కానీ మెత్తనివాడు కాడు.

"ఈస్టర్ అయ్యాక వింటాను లౌదలీనో. అప్పటికీ తెగితే ఆ స్వరం దినీస్‌కిస్తాను. ప్రభువు వెనకాల, వీధి మధ్యలో తెగనివ్వలేను."

"అలాగే మాస్టారూ" అన్నాడు. ఆ రాత్రి అన్నం కంచం అలాగే వదిలేశాడు. బాకా పోతుందని బాధ అనుకుంది లుసీలియా. నాకు వేరే భయం పట్టుకుంది. సెలవు రోజుల్లో కూడా తగ్గని స్థితి అని ఆ డాక్టరు చెప్పిందే, ఆ ఆదివారం అతను దగ్గాడు.

ఈస్టర్ ముందు మా ఎతెల్వీనా ఇంట్లో కార్పెట్ పని వచ్చింది. ఎతెల్వీనా నాతో పాటు ఒకే ఓడలో వచ్చిన మనిషి, మా కింది వీధిలో ఉంటుంది. వెళ్ళి కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా అని లుసీలియా అంటే నేనూ వ్యానెక్కాను. అతను ముందుగది తలుపేసుకుని పని మొదలుపెట్టాడు. మేం వంటింట్లో కాఫీ, తీపి రొట్టె పెట్టుకుని కూర్చున్నాం. చచ్చిపోయినవాళ్ళ గురించి మాట్లాడుకుని, బతికున్నవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. అతను మాస్కు మెడలోకి లాక్కుని వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమే దియొలిందా, మీ అల్లుడు కెటిల్‌లాగా ఈల వేస్తున్నాడేంటే?" అంది ఎతెల్వీనా. నీళ్ళ గ్లాసు అందించడానికి వంగి, ముక్కు ఎగబీల్చింది. "గడ్డానికి సెంటు రాస్తావా నాయనా?"

"లేదండీ."

"మరి నిమ్మకాయ పిండి కాల్చిన చేపలాగా వాసనొస్తున్నావు."

నేను లేచాను. నా వయసు వచ్చాక అల్లుడి మూతి వాసన చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మాస్కు బయట వేలాడే గడ్డం సంగతి కాదు, అదెలాగూ వాసనొస్తుంది. మీసం వాసన చూశాను. రబ్బరు కింద, ముక్కు పక్కనే, దాక్కుని ఉండాల్సిన మీసం. ఫ్యాక్టరీ నిమ్మకాయ గుప్పుమంది.

"మాస్కు పెట్టుకునే చల్లావా?"

"తీయనే లేదత్తయ్యా, ఒట్టు."

"ఒట్లు చాలించు. మరి ఈ వాసన దాని కిందికి ఎలా వెళ్ళింది?"

అతను మీసం తడుముకుని, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎతెల్వీనా మాస్కు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "చీపురు అడ్డం పెట్టి తలుపేస్తే తలుపు పడుతుందా?" అంది.

పని పూర్తి కానివ్వలేదు నేను. మాస్కు కొన్న దుకాణానికే వ్యాను పోనిమ్మన్నాను. అక్కడ వెర్నా అని ఒక నల్లావిడ, మగవాళ్ళ దుకాణాన్ని ఒంటిచేత్తో నడిపే రకం. మా అల్లుణ్ణి చూడగానే, "ఈ గడ్డంతోనా మీరు అది పెట్టుకుంటోంది?" అంది. బల్ల కింది నుంచి చిన్న సీసా తీసి, మాస్కు పెట్టుకోమని, సీసా మూత తీసి అతని చెంపల చుట్టూ తిప్పింది.

"వాసనేమైనా వస్తోందా?"

"అరటిపండు" అన్నాడు లోపల్నుంచి.

"రాకూడదు. రబ్బరు చర్మాన్ని పట్టుకోవాలి, వెంట్రుకల్ని కాదు. మీకు వెంట్రుకకీ వెంట్రుకకీ మధ్య ఒక కిటికీ ఉంది."

"గదిలో కిటికీలు తెరవవయ్యా అంటే తెరవడమ్మా. మూతి మీద మాత్రం తెరుచుకున్నాడు" అన్నాను నేను.

"గీసేసుకుని రండి, మళ్ళీ చూస్తాను" అంది ఆవిడ.

"గీసుకోను" అన్నాడు లౌదలీనో, అంత నెమ్మదైనవాడు.

వ్యానులో కూర్చున్నాక మొదలైంది.

"ప్రభువుకి మాటిచ్చానత్తయ్యా. ఊపిరి బాగయ్యేదాకా కత్తి పెట్టనని."

"ఊపిరి బాగవ్వాలంటే కత్తి పెట్టాలి."

"కత్తి పెడితే మాట తప్పినట్టు. మాట తప్పినవాడి ఊపిరి ఆయన ఎందుకు బాగుచేస్తాడు?"

"నువ్వు మొక్కుకుంది ఊపిరి కోసమా, గడ్డం కోసమా?"

"రెండూ ఒకటే ఇప్పుడు."

నాతో వాదనకి దిగినవాళ్ళు సాధారణంగా మధ్యలోనే దిగిపోతారు. ఇతను దిగలేదు. గానుగెద్దులాగా ఇద్దరం అక్కడక్కడే తిరుగుతున్నాం. చర్చి వైపు తిప్పమన్నాను.

ఫాదర్ అడెలీనో భోజనం ముందు కూర్చున్నారు. మమ్మల్ని చూసి చెంచా కింద పెట్టి అంతా విన్నారు.

"మొక్కు వదిలేయమని నేను చెప్పను" అన్నారు. "మార్చుకోవచ్చు. కానీ బదులుగా ఇచ్చేది దీనంత బరువుదో, ఇంకా బరువైనదో అయ్యుండాలి. గడ్డం నీకు కష్టంగా ఉందా?"

"దురద పెడుతుంది ఫాదర్."

"దురద కంటే బరువైనది ఏమివ్వగలవు?"

"వైను మానేస్తాను."

"ఫాదర్, ఇతను తాగేది పండగకి ఒక గ్లాసు" అన్నాను.

"మాంసం."

"వండేది నేను. నేను వండటం మానితే అది నా మొక్కవుతుంది గాని ఇతనిది కాదు."

"పండగనాడు చెప్పుల్లేకుండా కొండ ఎక్కుతాను."

"ఫాదర్," అన్నాను, "ఇతను చెప్పేవన్నీ ఇతనికి ఇష్టం లేనివో, అలవాటైనవో. మీరు అడగాల్సింది ఆ సన్న నాజిల్."

కన్నబిడ్డను ఇమ్మన్నట్టు చూశాడు లౌదలీనో నా వంక. అది అతని దగ్గరే ఉంది. చిలుము పడుతుందని చేతిరుమాల్లో చుట్టుకుని చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు. జేబు మీదికి చెయ్యి వెళ్ళింది.

"అది మొక్కెలా అవుతుంది ఫాదర్? అది నా పని. ఆ మంచు నా సొంతం. ఈ ఊళ్ళో అలా చల్లేవాడు ఇంకొకడు లేడు."

"ఇవ్వలేనంటున్నావు చూడు, అందుకే అవుతుంది" అన్నారు ఫాదర్.

"కిటికీలు కూడా" అన్నాను నేను.

"దియొలిందా, ఇది అతని మొక్కమ్మా."

"అతనిదే ఫాదర్. గుర్తు చేస్తున్నానంతే."

ఫాదర్ సూపు చల్లారిపోయింది. లౌదలీనో తల వంచుకున్నాడు. ఊపిరి తీస్తుంటే మాకు వినపడుతోంది. అతనికీ వినపడే ఉంటుంది. చివరికి రుమాలు తీసి, విప్పి, ఆ ఇత్తడి ముక్కను గిన్నె పక్కన పెట్టాడు.

ఆ సాయంత్రం లుసీలియా వంటింట్లో కుర్చీ వేసి, మెడకి తువ్వాలు చుట్టి, తనే గీసింది. కింద పొట్టు తీసిన బంగాళాదుంపలా తెల్లటి చుబుకం బయటపడింది. మర్నాడు వెర్నా మళ్ళీ సీసా తిప్పింది. ఈసారి అరటిపండు రాలేదు. "రోజూ గీసుకోవాలి. డబ్బాల గడువు తీరగానే మార్చాలి. మాస్కుంది కదా అని కిటికీ మూయకూడదు" అంది ఆవిడ. నా తరఫున చెప్పేవాళ్ళు దొరికినప్పుడు నోరు ఆయాసపెట్టుకోను.

పని కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది అతనికి. ఇప్పుడు ముందు కిటికీ తెరుస్తాడు, చలికాలమైనా బెత్తెడు. గది చివరి మూల నుంచి మొదలుపెట్టి తలుపు వైపు వెనక్కి నడుస్తూ, నాజిల్‌ని నేలకి దగ్గరగా పట్టుకుని పెద్ద చుక్కలు వేస్తాడు. తను చల్లినదాని మధ్యకి తను వెళ్ళడు. బ్రష్షుతో రుద్దుతాడు. మంచు చేసేదంతా ఇప్పుడు భుజం చేస్తోంది. వాసన సీసా మానేశాడు. దాంతో గొడవ మొదలైంది. వాసన లేకపోతే శుభ్రమైందని ఎవరు నమ్ముతారు? మొదట అడిగింది మా ఎతెల్వీనాయే.

"కడిగావా నాయనా, లేక కూర్చుని వెళ్తున్నావా? ఏమీ వాసన రావట్లేదే."

అతను ఆవిడ చెయ్యి పట్టుకుని కిందికి దింపి, వ్యాను వెనక తలుపు తీసి, ట్యాంకులోని నీళ్ళు చూపించాడు. కాఫీ కషాయంలా ఉన్నాయి.

"ఇదంతా నా కార్పెట్‌లోదేనా?"

"మీదేనండి."

"మూసెయ్, ఎవరైనా చూస్తారు" అంది.

మోటెల్ మేనేజరు మాత్రం నీళ్ళు చూడటానికి రాలేదు. నిమ్మకాయే కావాలని ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. పెట్టుకోనీ. లౌదలీనో ఆ ఇంకొకణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి, ఆ గదుల కిటికీలు తెరుచుకోవు, తలుపు తెరిచి ఫ్యాను పెట్టుకో, తుంపర సన్నగా చల్లకు అని చెప్పి వచ్చాడు. వాడు విన్నాడో లేదో తెలియదు. పని పోయినచోటికి వెళ్ళి మరీ చెప్పి వచ్చావా అని లుసీలియా అడిగితే, "వాడికీ మెట్లుంటాయి కదా ఇంటికి" అన్నాడు. ఆ రోజు ఇంకో సాసేజి ముక్క అతని కంచంలో వేశాను.

ఊపిరి గబుక్కున రాలేదు. పోయినంత తొందరగా ఏదీ తిరిగి రాదు. ముందు ఆదివారాల దగ్గు పోయింది. తర్వాత మెట్ల మధ్యలో ఆగడం పోయింది. డాక్టరు గొట్టంలో ముల్లు ప్రతిసారీ కాస్త పైకి కదిలింది, కానీ చివరిదాకా వెళ్ళలేదు. "కొంత మిగిలిపోవచ్చు. ఇప్పుడే చెప్పలేను. మీరు మాత్రం ఇలాగే ఉండండి" అంది ఆ పిల్ల. దాచకుండా చెప్పింది.

ఈస్టర్ అయ్యాక మాస్టరు విన్నాడు. స్వరం నిలబడింది, ఇదివరకు తెగిన చోటు దాటింది, కానీ పాట అడిగినంత దూరం వెళ్ళలేదు. మాస్టరు నోరు తెరవబోయేలోపు లౌదలీనోయే లేచి దినీస్ దగ్గరికి వెళ్ళాడు.

"ఒరేయ్, ఇద్దరం పట్టుకుందామా? నేను గుక్క తీసుకునేటప్పుడు నువ్వు ఎత్తుకో. నువ్వు తీసుకునేటప్పుడు నేను. అతుకు తెలియకూడదు."

కుర్రాడు ఎర్రబడిపోయాడు. "నాకెందుకన్నా, నువ్వే పట్టు" అన్నాడు.

"నేనొక్కణ్ణే పట్టుకుంటే తెగుద్ది. తెగితే మాస్టారు కర్రతో కొడతాడు. ఇద్దరం తిందాం రా."

పండగ దాకా రోజూ ఇద్దరూ మా మేడమెట్ల దగ్గర కూర్చుని అదే స్వరం పట్టారు. కింది వాటా వాళ్ళు పిల్లిని తీసుకుని చుట్టాల ఇంటికి వెళ్ళిపోయారు.

పండగనాడు నేను కొండవీధి పై అంచున నిలబడ్డాను, అక్కడికైతే అంతా వినపడుతుంది. కింద నుంచి ప్రభువు విగ్రహం పూల మధ్య ఊగుతూ వచ్చింది. వెనకాల బ్యాండు. ఎండ మండిపోతోంది. డ్రమ్ములు ఆగాయి, క్లారినెట్లు ఆగాయి. ఆ స్వరం లేచింది. లౌదలీనో మెడ నరాలు ఉబ్బాయి, చుబుకం నున్నగా మెరుస్తోంది, కాళ్ళు ఎత్తు ఎక్కుతున్నాయి. ఒకచోట అతని భుజాలు లేచి దిగాయి. స్వరం అలాగే ఉంది. అతుకు వీధిలో ఎవరికీ తెలియలేదు. నాకు తెలిసింది, నా చెవులు ఇంకా నావే. మళ్ళీ అతని బాకా అందుకుంది, లావుగా, నిదానంగా, అంచు దాకా తెచ్చి నా ముందే దింపింది.

విగ్రహం ఆగినప్పుడు నీళ్ళ సీసా పట్టుకుని అతని దగ్గరికి వెళ్ళాను. ముఖమంతా చెమట.

"ఎలా ఉందత్తయ్యా?"

"రెండు చోట్ల దినీస్‌గాడు వినపడ్డాడు."

అతను పెద్దగా నవ్వాడు. నవ్వాక దగ్గు వస్తుందేమోనని సీసా పట్టుకుని నిలబడ్డాను. రాలేదు. సీసా అందుకుని సగం తాగి, మిగతాది దినీస్‌కిచ్చి, బాకా ఎత్తుకుని వెళ్ళి వరసలో నిలబడ్డాడు.